ఆరో తరగతి ఇంగ్లీషు

ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో సరస్వతీబాయి పంతొమ్మిదేళ్లు ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పింది. నందవరం, గోనెగండ్ల వైపు నుంచి ఆటోల్లో వచ్చే పిల్లలు, ఊళ్లో మగ్గాల ఇళ్ల పిల్లలు ఐదో తరగతి దాకా తెలుగులో చదివి ఆమె చేతికి వచ్చేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషు వాచకం తెరిచి తడుముకోకుండా చదివేవాళ్లు. ఎలా నేర్పుతావని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర పెద్ద మాటలేమీ ఉండేవి కావు. “నేను చదువుతాను, వాళ్లు వేలు పెట్టుకుని నా వెంట వస్తారు. అంతే” అనేది.

ఆమె తండ్రి వెంకోబారావు మంత్రాలయం దగ్గర ఒక పల్లెలో గుడి పూజ చేసేవాడు. పొద్దున్నే స్నానం కాగానే కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని స్తోత్రాలు వల్లె వేయించేవాడు. ఆయన దగ్గర ఒకటే నియమం. అక్షరం మింగకూడదు. పొట్టిదైనా పొడుగుదైనా ప్రతి అక్షరం నోట్లో నుంచి పూర్తిగా బయటికి రావాలి. తొందరపడి ఒక్కటి నమిలినా ఆయన చూపుడువేలు పైకి లేచేది. అంటే మళ్లీ మొదటి నుంచి. పదేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల నోట ఏ మాట వచ్చినా విడివిడిగా, శుభ్రంగా, ఏరిన బియ్యంలా వచ్చేది.

అదే తండ్రికి క్రికెట్ పిచ్చి. గుడి తలుపులు వేసి వచ్చి రేడియోలో ఇంగ్లీషు కామెంటరీ పెట్టుకునేవాడు. ఆయనకు స్కోరు తప్ప సగం అర్థమయ్యేది కాదు. పిల్లకు స్కోరుతో పని లేదు. ఆ గొంతు కావాలి. కాలువ నీళ్లు రాయి దగ్గర ఎగిరి, దాటాక సర్దుకుని పోయినట్టు ఆ మాటలు పోయేవి. వాళ్లు అక్షరాలు మింగుతున్నారు కదప్పా అని ఇంటి కన్నడంలో అడిగితే, వాళ్ల భాష వాళ్ల ఇష్టమమ్మా అని నవ్వేవాడు. నాకు కూడా అలా రావాలి అన్న కోరిక ఆమెకు అప్పుడే పుట్టింది. ఆదోనిలో డిగ్రీ, తర్వాత బీఎడ్ చేసింది. ఇంగ్లీషంతా పుస్తకాల్లోంచి వచ్చింది. వ్యాకరణం తప్పేది కాదు. కానీ నోరు మాత్రం తండ్రి తీర్చిన నోరే. రేడియోలో విన్న ఆ నడక ఎన్నాళ్లకూ రాలేదు.

రెండేళ్ల కిందట ఆ స్కూలు వాళ్లు ఒక కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. ఫోన్లో ఒక యాప్. దాని ముందు ఇంగ్లీషు చదివితే ఉచ్చారణకు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. టీచర్లందరూ స్టాఫ్‌రూమ్‌లో వరుసగా చదివారు. సరస్వతీబాయికి నలభై ఒకటి వచ్చింది.

డ్రిల్లు సారు ఏసన్న తన ఫోను పైకెత్తి చూపించాడు. “మేడం, నాకు ముప్పై ఎనిమిది. మీకన్నా మూడే తక్కువ. రేపట్నించి విజిలు మీరు ఊదండి, ఆరో తరగతికి ఇంగ్లీషు నేను చెప్తా.”

“నీ మీసాలు చూసి పిల్లోళ్లు ఇంగ్లీషే మానేస్తారప్పా” అన్నది సరస్వతీబాయి. అందరితో కలిసి తనూ నవ్వింది. అందరూ వెళ్లాక మళ్లీ ఒకసారి చదివింది. ఈసారి నలభై.

వారం తర్వాత కరస్పాండెంట్ పిలిపించాడు. మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించాడు.

“మేడం, మీ మీద గౌరవం యాడికీ పోలేదు. కానీ ఈ మార్కులు తల్లిదండ్రులకు చూపిస్తామని చెప్పినాం. ఇంగ్లీషు చెప్పేవాళ్లకు డెబ్బై ఉండాల. ఈ ఏడు ఆరో తరగతి కొత్తగా వచ్చిన పల్లవి మేడం తీసుకుంటాది. మీరు తెలుగు తీసుకోండి. వచ్చే జూన్‌లో డెమో క్లాసు పెడతాం. డెబ్బై వస్తే మీ క్లాసు మీకే.”

“జీతం?”

“జీతం అంతే. దాంట్లో మార్పు లేదు.”

జీతం గురించి ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది. ఆమెకు కావలసింది ఆ గది, ఆ వాచకం, ఐదో పేజీ దగ్గర ప్రతి ఏటా ఒకే చోట ఆగిపోయే నలభై వేళ్లు.

ఆదోనిలో పాత మార్కెట్ వెనక సందులో ఉజ్మా అనే అమ్మాయి స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుందని బస్సు సీటు వెనక అంటించిన కాగితంలో చూసింది. ఉజ్మాకు ఇరవై ఆరేళ్లు. బెంగళూరులో మూడేళ్లు కాల్ సెంటర్లో పని చేసి వచ్చింది. కింద తండ్రి అబ్దుల్ గనీ పరుపుల అంగడి, మేడ మీద ఆమె తరగతి. సరస్వతీబాయి ఆదివారం ఆదివారం పల్లెవెలుగు బస్సెక్కి పోవడం మొదలుపెట్టింది.

మొదటి రోజు ఉజ్మా ఒక వాక్యం చదవమంది. ‘దిస్ బెడ్ ఈజ్ వెరీ కంఫర్టబుల్.’ సరస్వతీబాయి చదివింది. ఉజ్మా పెన్ను పక్కన పెట్టింది.

“ఆంటీ, మీ ఇంగ్లీషులో యాడా తప్పు లేదు. అన్ని అక్షరాలూ గట్టిగా ఉండాయి. అదే కష్టం.”

“గట్టిగా ఉంటే కష్టమేముందమ్మా?”

“ఇంగ్లీషోళ్లకు ఒక మాటలో ఒక చోటే బరువు ఆంటీ. తక్కినవి తేలిక. మీరు అన్నీ మోస్తాండారు.”

ఆ మాట తలకెక్కింది. నోటికి ఎక్కలేదు. వానాకాలమంతా, చలికాలం సగం అలాగే పోయింది. అక్షరాన్ని తేలిక చేయబోతే మింగినట్టు అనిపించేది. మింగగానే నోరు దానంతట అదే ఆగి మళ్లీ మొదటికి పోయేది. వాక్యం సగంలో ఆగి మొదటికి పోయే మనిషిని ఉజ్మా అంతకు ముందు చూడలేదు. “ఎందుకు ఆంటీ, ముందుకు పోండి” అనేది. సరస్వతీబాయి పోలేకపోయేది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పడిన పద్ధతి అది. యాభై మూడేళ్లప్పుడు వదలమంటే వదలదు. జనవరిలో యాప్ యాభై ఒకటి చూపించింది.

ఒక ఆదివారం ఉజ్మా పెళ్లికి పోయి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసింది. సరస్వతీబాయి కింద అంగట్లో బల్ల మీద కూర్చుంది. గనీ నేల మీద పరుపు పరుచుకుని టాకాలు వేస్తున్నాడు. దూది నింపిన గుడ్డ మీద సుద్దతో చుక్కలు పెట్టుకున్నాడు. చుక్క దగ్గర పొడుగాటి సూది కిందికి దించి, పైకి లాగి, దారం బిగించి ముడి వేస్తాడు. తర్వాతి చుక్క దగ్గరికి పోతాడు. మధ్యలో దూదిని అరచేత్తో ఒకసారి తట్టి వదిలేస్తాడు. తొందర లేదు, మాటలు లేవు. పది నిమిషాలు చూసి ఆమే అడిగింది.

“ఆ మధ్యలో కూడా కుడితే గట్టిగా ఉంటాది గదన్నా?”

గనీ తల ఎత్తకుండానే నవ్వాడు. “అన్ని చోట్లా లాగితే పరుపు కాదమ్మా, చాప అయితాది. ఈడ బిగించాల, ఆడ వదలాల. వదిలిన చోటే మనిషి పండుకునేది.”

“వదిలిన చోట దూది ఉండదా?”

“ఎందుకుండదు? బిగించిన కాడికన్నా ఆడే జాస్తి ఉంటాది. యాడికి పోతాది? మీరు చెయ్యి పెట్టి చూడండి.”

ఆమె చెయ్యి పెట్టి చూసింది. ముడికీ ముడికీ మధ్య దూది మెత్తగా పైకి లేచి ఉంది. అంతా అక్కడే ఉంది. ఏదీ మింగినట్టు లేదు. సరస్వతీబాయి పరుపు మీద చెయ్యి తీయకుండానే మెల్లగా ఒకసారి అన్నది. “కంఫ్టబ్ల్.” మొదట్లో బిగించింది, తర్వాత వదిలింది. నోరు ఆగలేదు. మళ్లీ అన్నది. గనీ సూది ఆపి చూశాడు.

“పరుపు బాగుందంటాండారా?”

“అవునన్నా. అదే అంటాండా.”

“మా బిడ్డ కూడా అంటాది అట్లనే. సగం మాట నోట్లోనే ఉంటాది” అని మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ రోజు నుంచి పని సాగింది. వాచకంలో ప్రతి మాట మీదా పెన్సిలుతో చుక్క పెట్టుకుంది. చుక్క దగ్గర బిగించడం, తక్కిన చోట వదలడం. బస్సులో పెదవులు కదుపుతూ కూర్చునేది. పక్కన కూర్చున్నవాళ్లు జపం చేసుకుంటోందని కాళ్లు ముడుచుకునేవాళ్లు. భర్త జయతీర్థ మంత్రాలయంలో ఒక సత్రంలో స్టోర్ చూసుకుంటాడు. “ఏమే, దోసెకు కూడా ఇంగ్లీషు చెప్పాలా?” అని వంటింటి గుమ్మంలో నిలబడి కన్నడంలో ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేస్తూనే ఆదివారం పొద్దున తనే సద్ది కట్టి ఇచ్చేవాడు.

మార్చిలో అరవై ఆరు వచ్చింది. మేలో డెబ్బై నాలుగు. ఉజ్మా ఫోను చూపించి “ఆంటీ, స్వీటు యాడ?” అన్నది. సరస్వతీబాయి స్వీటు సంగతి మరిచిపోయింది. తాను చదివింది తనకే మళ్లీ వినిపించమని అడిగింది. రేడియోలో విన్నంత సాఫీగా లేదు. కానీ ఆ దోవలోనే ఉంది. రెండు సార్లు విన్నది. మూడోసారి అడగడానికి సిగ్గుపడింది.

జూన్‌లో డెమో పెట్టారు. ఆరో తరగతి కొత్త పిల్లలు. బల్ల మీద ఫోను. వెనక కుర్చీల్లో కరస్పాండెంట్, హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రైనర్. పదిహేను నిమిషాలు చెప్పాలి. ఫోను మొత్తం వింటుంది. సంతలో కూరగాయలు అమ్ముకునే ఒక అవ్వ కథ పాఠం.

ఆమె చదివింది. చుక్క దగ్గర బిగించి, మధ్యలో వదిలి, వాక్యం చివర దించి చదివింది. అంత బాగా ఎప్పుడూ రాలేదు. ట్రైనర్ తల ఆడిస్తున్నాడు. ఐదారు నిమిషాలు తన గొంతు తనకు కొత్తగా, ఇష్టంగా వినిపించింది.

అప్పుడు పిల్లల వేళ్లు కనబడ్డాయి. ఆమె వెనకే పుస్తకంలో వేలు జరుపుతూ రావాలి వాళ్లు. మూడో వరుసలో మగ్గం నేసేవాళ్ల పిల్ల చౌడేశ్వరి వేలు మొదటి పేరాలోనే ఆగిపోయి ఉంది. పక్క పిల్ల వేలు పేజీలో ఎక్కడెక్కడో తిరుగుతోంది. వెనక బెంచీలో వేళ్లే లేవు. ఎవరూ అల్లరి చేయడం లేదు. కొత్త టీచరు ముందు భయంగా ఆమె మొహంలోకి చూస్తున్నారు.

సరస్వతీబాయి ఇంకో రెండు వాక్యాలు అలాగే చదివింది. వేళ్లు కదలలేదు. ఫోను వైపు ఒకసారి చూసింది. బల్ల దగ్గర నుంచి కదిలి మూడో వరుస దగ్గరికి పోయి, చౌడేశ్వరి వేలు ఉన్న చోటి నుంచి మొదలుపెట్టింది. “షీ... సోల్డ్... వె, జి, ట, బుల్స్.” పాత పద్ధతిలో, ప్రతి అక్షరం విప్పి. వేలు కదిలింది. పక్క వేలు వచ్చి చేరింది. ఒక వాక్యం చెప్పి మళ్లీ కొత్త నడకకు పోదామనే అనుకుంది. కానీ వేళ్లు వస్తున్నాయి. వాటిని వదిలేసి పోలేకపోయింది. టైం అయ్యేదాకా అలాగే చదివింది. చివర్లో పిల్లలు అవ్వ కథ మొదటి పేరా తామే చదివి అప్పజెప్పారు.

ఫోను అరవై మూడు చూపించింది.

“మేడం, ఫస్ట్ హాఫ్ సూపర్” అన్నాడు ట్రైనర్. “తర్వాత ఏమైంది?”

“ఆ పిల్లకు అందలేదు సార్.”

“ఫోన్‌కు అది తెలీదు కదా మేడం.”

“తెలీదు సార్.”

మరుసటి రోజు టైం టేబుల్ అంటించారు. ఆరో తరగతి ఇంగ్లీషు పల్లవి మేడంకు. సరస్వతీబాయికి ఆరు, ఏడు తెలుగు. ఏసన్న ఆ రోజు హాస్యం ఆడలేదు. తన టీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, “నాకు చక్కెర పడదు మేడం” అని పోయాడు.

ఆదివారం ఆమె మామూలుగా ఆదోని పోయింది. ఉజ్మా ఆశ్చర్యపోయింది.

“క్లాసు పోయింది గదా ఆంటీ, ఇంకెందుకు ఇంత దూరం?”

“క్లాసు పోతే పోయింది. వాక్యం చివర ఇంకా సరిగ్గా దిగలేదమ్మా.”

“ఎవరితో మాట్లాడతారు?”

ఎమ్మిగనూరులో ఆ ఇంగ్లీషు మాట్లాడడానికి ఆమెకు ఎవరూ లేరు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. ఆరు రోజులు ఆ నడక నోట్లోనే ఉంటుంది. ఏడో రోజు బస్సెక్కి వచ్చి రెండు గంటలు బయటికి తీసుకుంటుంది. పుస్తకం తెరిచి ఎక్కడ ఆపామో వెతుక్కుంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, అన్నం గంట అయ్యాక, వరండాలో చౌడేశ్వరి వచ్చి నిలబడింది. చేతిలో ఇంగ్లీషు వాచకం.

“మేడం, ఈ లైను ఎట్ల చదవాల?”

“మీ ఇంగ్లీషు మేడంను అడగరాదా?”

“ఆ మేడం మంచిదే. కానీ బిర్రున పోతాది. ఎనక్కి రమ్మంటే మాకు భయం.”

సరస్వతీబాయి ఆ వాక్యాన్ని ముందు విప్పి చదివింది. వేలు చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల పుస్తకం మూయబోయింది.

“ఉండు. ఇప్పుడు ఇంకో మాదిరి చదువుతా, విను. వేలు పెట్టద్దు. ఉత్తగా విను.”

చదివింది. చౌడేశ్వరి నోరు తెరిచి ఆమె మొహం వైపు చూసింది.

“అది యాడ నేర్చుకున్నారు మేడం?”

“ఆదోనిలో.”

“ఇంకోసారి చదవండి మేడం.”

పీరియడ్ గంట మోగింది. ఆరో తరగతి గదిలోకి పల్లవి మేడం పోతోంది. చౌడేశ్వరి గది వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి పరుగెత్తింది. సరస్వతీబాయి తెలుగు వాచకం తీసుకుని ఏడో తరగతి వైపు నడిచింది. ఆ పిల్ల ఇంకోసారి అడిగిన ఆ వాక్యాన్ని, నడుస్తూ, పెదవుల మీదే చదువుకుంది.