మామగారి పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పేరు కోసం పెద్ద వెతుకులాటే జరిగింది. పుష్కరాలకు రాజమండ్రి వెళ్ళి పెద్దలకు పిండం పెట్టాలని మా తాతయ్య కోరిక. రేవులో పంతులుగారు పెద్దల పేర్లు అడుగుతారు. తాతయ్యకేమో తన తాత పేరు తెలియదు. ఉయ్యాల్లో ఉండగానే తండ్రి పోతే మేనమామల ఊళ్ళో పెరిగిన మనిషి. పేరు తెలియకపోతే దేవుడి పేరు చెప్పుకోవచ్చని ఎవరో అన్నారు. ఆ మాటతో ఆయన బెంగ ఇంకా పెరిగింది. "నేను పెట్టే ముద్ద మా తాతకు చేరొద్దేంటండీ?" అని వచ్చినవాళ్ళందరితో అనేవాడు.

ఆ పేరు తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. ఆమె తాతయ్య తల్లి, మా తాతమ్మ. కానీ మామగారి పేరు కోడలు పలకకూడదు. తాతయ్య బతిమాలాడు, విసుక్కున్నాడు, ఒక పూట అన్నం మానేశాడు. తాతమ్మ పెదవి కదిపితే ఒట్టు.

నాకు ఆ పేరేంటో తెలుసుకోకపోతే తోచేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె చింతపండు పిక్కలు తీస్తుంటే పక్కన చేరాను. నన్ను కాసేపు చూసి, "మన ఊళ్ళో మగాళ్ళ పేర్లన్నీ చెప్పవే, ఎన్నొచ్చో చూద్దాం" అంది. ఇదేం ఆటో అనుకుంటూ మొదలుపెట్టాను. వీరన్న, సూరన్న, గంగన్న, వెంకన్న... ఆమె పనిలో ఆమె ఉంది. "భీమన్న" అన్నాను. తాతమ్మ గబుక్కున కాళ్ళు ముడుచుకుని, కొంగు తలమీదికి లాక్కుంది.

నిజంగానే ఎవరైనా వచ్చారేమోనని గుమ్మం వైపు చూశాను.

ఇక ఊరుకుంటానా? ఆయన ఎలా ఉండేవాడని అడిగాను. "మొహమెప్పుడు చూశానే, తలెత్తితేగా! కాళ్ళే తెలుసు" అంది. మడమల నిండా పగుళ్ళట. కాలవలు తవ్విన రోజుల్లో మట్టి పనికి వచ్చి ఆ అత్తారి ఊళ్ళోనే ఉండిపోయాడట. ఆ పనిలోనే పలుగు పడి కుడికాలి బొటనవేలు పోయిందట. అడుగు వేసే తీరు వేరుగా ఉండటంతో, అరుగెక్కకముందే ఈమెకు తెలిసిపోయేదట.

పరుగెత్తి తాతయ్యకు చెప్పాను. పేరు వినగానే మీసం దువ్వి నవ్వాడు. బొటనవేలి సంగతి చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. చేలోంచి వచ్చిన తన పగుళ్ళ కాళ్ళ వంక చూసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్‌లో వంశవృక్షం తయారుచేస్తూ పేర్ల కోసం నా వెంట పడుతోంది. చెబుతున్నాను. ఒక్కో మనిషిని దగ్గర నుంచి చూసినవాళ్ళు ఏమన్నారో అది కూడా రాయమంటున్నాను. పేరు రాసే గడిలో అంత చోటు లేదు అమ్మమ్మా అంటుంది. చోటు చెయ్యమంటాను.