రివెట్లు లేని రెక్క

మా వీధిలో ఆయన్ని అందరూ ఆకురాయి అనేవారు. విమానాలు బాగుచేసే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు రేకుపని చేసి రిటైరైన మనిషి. చేతిలో ఆకురాయి లేనప్పుడు కూడా బొటనవేలితో బల్ల అంచునో గ్లాసు అంచునో తడుముతూ ఉండేవారు. ఎక్కడ గరుకు తగిలినా ఊరుకునేవారు కాదు. మా గేటు గొళ్ళెం చేతికి గీరుకుంటోందని ఎవరూ అడక్కుండానే వచ్చి, నున్నగా చేసి, మంచినీళ్ళు తాగి వెళ్ళారొకసారి. అలాంటి మనిషి ఒక్క గరుకును మాత్రం ముప్పై ఏళ్ళు ఎవరి చేయీ తగలకుండా దాచుకున్నారు.

ఆయన్ని పనిలో పెట్టించింది సొంత అక్క మొగుడే. బావగారు అక్కడ పెద్ద మేస్త్రి. ఆ వర్క్‌షాపులో ఒక కట్టుబాటు ఉండేది. రెక్క మూత బిగించే ముందు పనిముట్లన్నీ ఒక చెక్క మీద, దేని బొమ్మ గీసిన చోట దాన్ని తగిలించాలి. ఒకరు పేరు చదవాలి, రెండోవారు “ఉంది” అనాలి. ఆ తర్వాతే మూత, ఆ తర్వాతే పుస్తకంలో సంతకం. ఆ రోజు బావగారు పదకొండు పేర్లూ చదివారు, ఆకురాయి పదకొండుసార్లు “ఉంది” అన్నారు. మూత బిగిసింది. బావగారు సంతకం పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

అప్పుడు ఆకురాయికి, లోపల ఒక బోల్టు వదులుగా వదిలేశానేమో అని అనుమానం పట్టుకుంది. ఒక్కరే మూత విప్పి, బోల్టు బిగించి, మళ్ళీ మూసేశారు. కాసేపటికి చెక్క మీద చిన్న స్పానరు బొమ్మ దగ్గర ఖాళీ కనిపించింది. తలెత్తి చూస్తే విమానం గాల్లో ఉంది.

దేవుడు చల్లగా చూశాడు. లోపల వదిలేసిన స్పానరు అడ్డుపడి రెక్క చివరి పలక ఇరుక్కుపోయినా పైలట్ ఎలాగో దించాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. విచారణలో ఆకురాయిని ఒక్కటే అడిగారు, “సంతకమయ్యాక మూత ఎవరైనా విప్పారా?” అని.

“లేదండీ.”

ఆ ఒక్క మాటతో పుస్తకంలోని సంతకం బావగారి మెడకు చుట్టుకుంది. ఉద్యోగం పోయింది. బజారు మలుపులో గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసుకుంటూ బతికారాయన. బావమరిది మీద ఏనాడూ అనుమానపడలేదు. అనుమానమంతా తన మీదే.

“పదకొండూ చదివానురా, గుర్తే. కానీ ఆ స్పానరును కళ్ళు చూశాయా, అలవాటుకొద్దీ నోరే చదివేసిందా? నా తప్పు లేదని రాసిన కాగితం ఒక్కసారి నా కళ్ళతో చదువుకుంటే చాలు. తర్వాత చించి పారేసినా ఫర్వాలేదు” అనేవారు. ఈ మాట అన్నప్పుడల్లా ఆకురాయి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళేవారు.

కిందటి ఏడు బావగారు ఇల్లు మారుతుంటే అటక మీద ఒక పాత అట్టపెట్టె దొరికింది. అందులో ప్లాస్టిక్ విమానం, విడి ముక్కలుగా. ఆ రోజుల్లో తాము పనిచేసిన రకం విమానమే. ఉద్యోగంలో ఉండగా ముచ్చటపడి కొన్నారు, ఆ తర్వాత మూత తీయబుద్ధి కాలేదు. ఇప్పుడు పెట్టెను బావమరిది చేతిలో పెట్టి, “నాకు కంటి నరం ఎండిపోతోందట. మహా అయితే ఇంకో ఏడాది అన్నాడు డాక్టరు. చూపుండగానే దీన్ని నిలబెట్టి చూపించరా” అన్నారు.

ఆకురాయి ఆ రోజే కాగితం రాశారు. నాలుగే నాలుగు వాక్యాలు, కింద సంతకం. దాన్ని పెట్టె అడుగున పెట్టి, విమానంతో పాటే ఇద్దామనుకున్నారు. ఉత్త చేతులతో వెళ్ళి ఆ మాట చెప్పడానికి ఆయనకు కాళ్ళు రాలేదు.

మామూలుగా అతికించి రంగు వేస్తే నెల రోజుల పని. కానీ పెట్టె తెరిచింది ఆకురాయి. పాత కాలపు అచ్చు కదా, రెక్కల నిండా ఆవగింజల్లాంటి రివెట్లు ఉబ్బెత్తుగా పోసి ఉన్నాయి. అసలు విమానం కొలతకు పెంచితే ఒక్కొక్కటీ సాసరంత! “ఇన్ని బొడిపెలుంటే అది ఎగరదు, దొర్లుతుంది” అని వాటినన్నింటినీ ఉప్పుకాగితంతో రుద్దేశారు. వాటి బదులు, పెన్ను గొట్టంలో సూది బిగించి, రేకుల అతుకులను వెంట్రుకంత గీతలుగా చెక్కారు. దానికి నాలుగు నెలలు పట్టింది.

సూదులన్నీ ఎదురింటి టైలరమ్మే ఇచ్చింది. రెక్కల మీది గుర్తుల కాగితం పసుపెక్కిపోతే, ఎండకు తెల్లబడుతుందని ఆయన కిటికీ అద్దానికి అతికించారు. అది చూసి ఆవిడ, ఎండకు అడ్డం రాకుండా తన బట్టలతీగను మాటైనా చెప్పకుండా రెండు మూరలు పక్కకు కట్టుకుంది. అలాంటి మనుషుల వల్లే వీధులు నిలబడతాయి.

అక్క వారం వారం వచ్చేది. “ఎంతదాకా వచ్చిందిరా?”

“రెక్క బాగుచేస్తున్నానక్కా.”

“ఇంకా పుట్టని విమానానికి రెక్కేం పాడైంది?”

“అచ్చు తప్పుగా పోశారు. అంచు కూడా మందంగా ఉంది.”

“నువ్విలా సాగదీస్తే ఎక్కాల్సినవాళ్ళు నడిచి పోతారు. మీ బావ పొద్దున నా మొహం చూసి, ఎవరూ, అన్నాడు. త్వరగా కానీరా నాయనా.”

“ఈ నెలాఖరుకు తెస్తాను.”

నెలాఖరుకు చక్రాల గూళ్ళు లోతు చాలలేదు. ఆ తర్వాత కొవ్వొత్తి సెగకు ప్లాస్టిక్ పుల్లను సాగదీసి, దారమంత తీగ చేసి తోకకు కట్టాల్సి వచ్చింది. ఒకటి అయితే ఇంకొకటి దొరికేది. దొరకనప్పుడు ఆయనే వెతుక్కునేవారు. పని అయిపోతే చెప్పాలి కదా!

పదకొండు నెలలకు ఇక రుద్దడానికి ఏమీ మిగల్లేదు. ఓ ఆదివారం మధ్యాహ్నం విమానాన్ని దూదిలో పెట్టుకుని, కాగితం జేబులో వేసుకుని అక్కా వాళ్ళింటికి వెళ్ళారు. తలుపు తీసిన అక్క పెదవి మీద వేలు పెట్టి, మెల్లగా అంది. “మొన్న మంగళవారం నుంచి పగలూ రాత్రీ ఒకటే అయిపోయిందిరా ఆయనకు.”

బావగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో విమానం పెడితే మొహం వెలిగింది. ముక్కు తడిమారు, తోక తడిమారు. రెక్క మీద వేళ్ళు ఇటు చివరి నుంచి అటు చివరికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

“ఒరేయ్, రివెట్లేవిరా?”

“తీసేశాను బావా. కొలతకు పెద్దవైపోయాయి. గీతలు చెక్కాను, చాలా సన్నగా వచ్చాయి.”

“గీతలా? నాకేం తగలట్లేదే.” ఆయన నవ్వబోయారు. “రివెట్లుంటే వేళ్ళతో వరస పట్టుకుని పోయేవాణ్ణి కదరా. రెక్క మూత ఎక్కడుందో తెలిసేది. ఇది సబ్బుబిళ్ళలా ఉంది.”

ఆకురాయి ఇంక ఆగలేక కాగితం తీసి అక్క చేతికిచ్చారు. “చదువక్కా. బావ వినాలి.”

అక్క చదివింది. బావగారి సంతకం తర్వాత మూత తానే విప్పానని, స్పానరు తానే వదిలానని, విచారణలో అబద్ధమాడానని, బావగారి తప్పు ఏమీ లేదని ఉంది.  

“ఇంకోసారి చదువు,” అన్నారు బావగారు.

చదివింది.

“తారీఖు ఎప్పటిది?”

“కిందటేడుది.” అక్క తమ్ముడి వైపు చూసింది. “ఆయన నీ చేతిలో ఆ పెట్టె పెట్టిన రోజు. అప్పటికింకా పేపరు తనే చదువుకునేవాడు.”

బావగారు చేయి చాచి కాగితం తీసుకున్నారు. రెక్కను తడిమినట్టే దాన్నీ తడిమారు. అదీ నున్నగానే ఉంది. కళ్ళకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు అలాగే ఉండి, కిందికి దించారు.

“వాడు ఉన్నాడా, వెళ్ళాడా?”

“ఎదురుగానే ఉన్నాడండీ.”

“వెళ్ళమను.”

ఆకురాయి లేచారు.  అక్క గుమ్మం దాకా వచ్చింది. ఆమె మొహంలోకి చూడడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. మంగళవారం నుంచి భర్తకు చెప్పి చెప్పి అలవాటైన మాటే ఆమె నోట వచ్చింది.

“మెట్టుంది, చూసుకో.”

ఆయన దిగారు. వెనక తలుపు పడింది. లోపల అక్క మొదటి వాక్యం నుంచి మళ్ళీ చదవడం వీధిలోకి వినిపించింది.