గీత మీద చక్రం

కారు నిలిపాక దిగి, నాలుగు చక్రాలూ గీతల లోపలే ఉన్నాయో లేదో చుట్టూ తిరిగి చూసుకోవడం కళ్లజోళ్ల కొట్టాయన ఏలుబడిలో చెక్కుచెదరని శాసనం. అందుకే ఏ ప్రైవేటు పార్కింగువాడూ ఆయనకు జరిమానా వేసిన పాపాన పోలేదు. ఆ మచ్చలేని చరిత్రే చివరికి ఆయన కొంప ముంచింది.

తోడల్లుడికి ఒక ప్రైవేటు పార్కింగులో గీత దాటినందుకు జరిమానా పడింది. వెళ్లి వాదించి కొట్టేయించుకొచ్చాడు. అప్పటినుంచీ ఇంట్లో అదే పారాయణం.

"మా బావగారు నోరు విప్పితే అవతలివాడు నోరు మూసుకోవాల్సిందే," అంది భార్య కూర వడ్డిస్తూ. "అదే మీరైతే, డబ్బు కట్టి, పైగా థాంక్సు చెప్పి వచ్చేవారు."

ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. మర్నాడే అదే పార్కింగుకు వెళ్లి, గుండె రాయి చేసుకుని, ముందు చక్రాన్ని గీత మీదికి ఎక్కించాడు. సాయంత్రానికి కారు అద్దం మీద జరిమానా చీటీ వెలిసింది. పగలంతా కొట్లోని అద్దాల ముందు సాధన చేసిన ప్రసంగంతో ఆయన పార్కింగువాళ్ల ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాడు.

"చూడమ్మా, న్యాయమనేది ఒకటుంది..."

లోపలి అమ్మాయి తలెత్తకుండానే చీటీ మీద ముద్ర కొట్టింది. "రద్దు చేశానండి."

"నేనింకా మొదలే పెట్టలేదమ్మా!"

"అక్కర్లేదండి. మొదటిసారైతే ఎవరడిగినా తీసేస్తాం."