ఆదరణ కూడికలో రాలిన పూలు

సీడీలు కొత్తగా వచ్చిన రోజులవి. మా మనవరాలు సునీత విశాఖపట్నంలో కంప్యూటర్ మీద కదిలే బొమ్మలు చేయడం నేర్చుకుని పాడేరు తిరిగొచ్చింది. ఇంట్లోనే కూర్చుని పెళ్లి వీడియోలకు పేర్లూ పూలూ వేసి బతుకుతానంది.

"పని దొరక్కపోతే బేగి చెప్పు, కాఫీ తోటకి పోదాం" అన్నాను.

మొదటి పని మా చర్చిలోని మార్తమ్మ ఇచ్చింది. అది పెళ్లి కాదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయాడు. పోయినవాళ్ల ఇంటివాళ్లని ఓదార్చడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడికలో చూపించడానికి వాడి ఫోటోలతో వీడియో కావాలంది.

కూడిక రోజు చర్చిలో టీవీ పెట్టారు. అబ్బాయి ఫోటో రాగానే చుట్టూ ఎర్రటి లవ్ గుర్తులు తిరిగాయి, పైనుంచి గులాబీలు రాలాయి. సునీత నేర్చుకున్నవి పెళ్లి బొమ్మలే. అందంగా ఉంటాయని అవే పెట్టేసింది.

"సావుకి పెళ్లి సోకులేటి?" అని వెనకనుంచి ఒకాయన అరిచాడు. పాస్టరుగారు టీవీ ఆపబోయారు. సునీత నా చీర కొంగు వెనక ముఖం దాచుకుంది. ఇక ఈ గుంటకి ఎవరూ పని ఇవ్వరనుకున్నాను.

అప్పుడు మార్తమ్మ లేచింది.

"ఆపకండయ్యా. నా గుంటడికి పెళ్లి సెయ్యలేకపోనాను. పూలైనా పడనియ్యండి."

పాస్టరుగారు టీవీని అలాగే వదిలేసి కూర్చున్నారు. వీడియో అయిపోయాక మార్తమ్మ సునీతని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ వేయించుకుంది.

తర్వాత సునీతకి పెళ్లి పనులు బాగానే వచ్చాయి. నేను ఊరికే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషిని కాను. అయినా ఎవరి పెళ్లి వీడియోలో పూలు రాలినా, నాకు ముందు ఆ అబ్బాయి ముఖమే కనిపిస్తుంది.