తీగకు కుట్టిన గుమ్మడికాయ

మా వదిన చిక్కుడు గింజ నాటిందంటే, మర్నాడు పొద్దున్నే దాన్ని తవ్వి చూస్తుంది, మొలిచిందా లేదా అని. మొలవలేదని తెలిశాక మళ్లీ పూడ్చి, నీళ్లు పోసి, ఆ మర్నాడు మళ్లీ తవ్వుతుంది. "మట్టిలో ఉన్నదాన్ని మట్టిలో ఉండనివ్వు తల్లీ!" అని నేను వెనక గుమ్మంలో నిలబడి అరిస్తే, "ఊరికే చూస్తున్నాను, దాన్నేమన్నా కొరుక్కు తిన్నానా?" అంటుంది. అప్పటికే ఆమె వేళ్ల మధ్య అప్పుడప్పుడే మోసు పగిలిన గింజ వేలాడుతూ ఉంటుంది. ఆ ఏడు మొదటి విడత చిక్కుడు అలాగే హరీమంది.

కుదురు అన్నది ఆమె ఒంట్లో లేదు. స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ టేబుల్ దగ్గర ఆమె పని. గుడ్డ పరిచి, సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో కోసుకుంటూ టేబుల్ చుట్టూ తిరగడమే ఉద్యోగం. మధ్యలో ఒకసారి కూర్చుని చేసే పని ఇస్తామంటే వద్దందట. నేను పళ్ల డాక్టరు దగ్గర టోకెన్లు ఇస్తూ కుర్చీకి అతుక్కుపోయిన మనిషిని. ఆడపడుచూ వదినా ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నేళ్లుగా జుట్లు పట్టుకోలేదంటే అది మా అన్నయ్య అదృష్టం.

అలాంటి మనిషి ఆ ఏడు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే. వాళ్లమ్మాయి, అంటే నా మేనకోడలు, కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఒకటి మూడో నెలలో పోయింది, రెండోది ఐదో నెల నిండాక. ఈసారి బాత్రూంకి తప్ప మంచం దిగకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అల్లుడిది కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ, అక్కడ పిల్లను చూసుకునే దిక్కు లేదు. అందుకని మా ఇంటికి తెచ్చి, వెనక గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. ఆ కిటికీ తెరిస్తే పెరడు.

ఈ బిడ్డయినా దక్కాలి. ఇంట్లో నలుగురి మనసులోనూ ఉన్నది ఆ ఒక్కటే, నలుగురూ పైకి అననిదీ ఆ ఒక్కటే. సిటీ బస్సు నడిపే మా అన్నయ్య మొదటి రోజే హుకుం జారీ చేశాడు. "జరిగిపోయిన ఆ రెండింటి మాటా ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. పిల్ల దిగులు పడుతుంది." సరేనన్నాం. ఎత్తమంటే మాత్రం మాకు నోరొచ్చేదా?

ఇక వదిన అవస్థ చూడాలి. పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లేది, బల్ల మీద పెట్టేది, "చల్లారకముందే తిను" అనేది, దిండు సర్దేది, బయటపడేది. ఎదురుగా కూర్చుంటే తన కళ్లు పొట్ట మీదికే పోతాయనీ, ఆ చూపులో భయం పిల్ల పసిగడుతుందనీ ఆమె బాధ. నాకు చెప్పలేదు. చెప్పకపోయినా తెలుస్తుంది కదా. అక్కడ నిలవలేని కాళ్లు పెరట్లోకి దారితీశాయి.

టమాటా నారు ముందు గోడ పక్కన పెట్టింది. ఎండ చాలదని పీకి నడిమధ్యలో పెట్టింది. ఎండ ఎక్కువైందని మళ్లీ గోడ పక్కకే చేర్చింది. "డిపోలో నాకన్నా వీటికే బదిలీలు ఎక్కువ" అన్నాడు అన్నయ్య. బదిలీలు తట్టుకుని బతికిన వాటికి పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం నీళ్లు. సగం వేళ్లు కుళ్లి చచ్చాయి. మిగతావి కాశాయి గానీ, ఎర్రబడేసరికి కాయలన్నీ నెర్రెలిచ్చాయి. రెండో విడత చిక్కుడు మాత్రం మొలిచింది. ఎందుకు మొలిచిందంటే, నేను దాని మీద అట్టపెట్టె బోర్లించి, పైన ఇటుక పెట్టి, ముట్టుకుంటే మర్యాద దక్కదని చెప్పాను కాబట్టి. అన్నిటికన్నా విరగకాసింది, కుళాయి పక్కన ఓటి బకెట్‌లో పెట్టి మర్చిపోయిన మిరప మొక్క. దానికి ఆమె సంతోషించిందా అంటే అదీ లేదు. "దాన్ని నేనేం చేశాననీ?" అని మూతి ముడుచుకుంది.

ఆమె ప్రాణమంతా గుమ్మడి మీద ఉంది. పిల్లకి కనబడాలని ఏరికోరి కిటికీకి ఎదురుగా నాటింది. తొలివానలకి తీగ తెగ సాగి, చిక్కుడు పందిరిని ఆక్రమించి, కిటికీ చువ్వల దాకా పాకింది. పెద్ద పెద్ద పసుపు పూలు పూసింది. ముందు వచ్చినవన్నీ పొడుగు కాడల మీద వట్టి పూలే. కొన్నాళ్లకి ఒక పువ్వు అడుగున చారలున్న ఆకుపచ్చ గుండు కనబడింది. వదిన ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, "పిందె పడింది!" అని అరిచి, వెంటనే నాలుక కరుచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి కత్తెర బయటికి తీసింది. "కాయ కట్టని పూలకి తీగ బలమంతా ఎందుకు దండగ?" అని పొద్దున్నే వట్టి పూలన్నీ తొడిమ దగ్గరికి కత్తిరించేది. గుడ్డలో పనికిరాని ముక్క మిగలనివ్వని మనిషి కదా. తీగ కూడా నీటుగా, పిందెపూలు మాత్రమే మిగిలి, ముచ్చటగా ఉండేది. "భలే పనిమంతురాలివి వదినా" అని నేనూ మెచ్చుకున్నాను. నాకూ అంతే తెలుసు మరి.

పిందెలు పసుపుబారి, మెత్తబడి, రాలడం మొదలైంది.

తీగకీ మనిషికీ పోలికలు పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయినా, అలాంటి పిల్ల కిటికీలోంచి చూస్తుండగా పిందెలు రాలుతుంటే ఎవరి మనసు మాత్రం అటు పోకుండా ఉంటుంది? ఒకరోజు తెల్లవారుతుండగా నేను వెనక్కి వెళ్లేసరికి వదిన తీగ కింద గొంతుక్కూర్చుని, రాలిన పిందెలు ఏరి ఏప్రన్ జేబులో కుక్కుతోంది.

"ఏంటి వదినా, మన పెరట్లో మనకే దొంగతనమా?"

ఆమె భుజాలు తడుముకున్నంత పని చేసింది. "మెల్లిగా మాట్లాడు. పిల్ల లేచి చూస్తుంది."

"చూస్తే ఏమైంది?"

"ఏమనుకుంటుందో నీకు విడమర్చి చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. నవ్వబోయిన నోరు మూసుకున్నాను. వాటిని పెరట్లోని ఎరువు గుంటలో కూడా వెయ్యలేదామె. వీధి చివర చెత్తకుండీ దాకా నడిచి పడేసి వచ్చింది. ఆ తర్వాత రోజూ అదే పని. బూడిద చల్లింది, ఆకుల మీద సబ్బునీళ్లు కొట్టింది, పాదు వెడల్పు చేసింది, వట్టి పూలు ఇంకా జాగ్రత్తగా కత్తిరించింది. పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. గదిలో పిల్ల దగ్గినా సరే, నీళ్ల మగ్గు చేతిలోంచి జారవిడిచి పరుగెత్తేది. గుమ్మం దగ్గర ఆగేది, తొంగి చూసేది, మళ్లీ పెరట్లోకి. కాలు కాలిన పిల్లి కూడా కాసేపటికి ఎక్కడో చోట పడుకుంటుంది, మా వదిన పడుకునేది కాదు. ఆమెను చూసి చూసి నాకూ నిలకడ పోయింది. టోకెన్లు ఒకరివి ఒకరికి ఇచ్చి డాక్టరు చేత చివాట్లు తిన్నాను.

ఏడో నెలలో స్కాన్ చూసి డాక్టరమ్మ, "బిడ్డ ఎదుగుదల కాస్త తక్కువగా ఉంది, చూద్దాం" అంది. ఆ 'చూద్దాం'ని ఇంటికి మోసుకొచ్చి ఎవరి మూల వాళ్లు చేరాం. వదిన మాత్రం సంచీ పట్టుకుని బజారుకెళ్లింది.

మర్నాడు పొద్దున, కిటికీకి సరిగ్గా ఎదురుగా, తీగ మధ్యలో ఒక గుమ్మడికాయ ఉంది. రెండు చేతుల్లో పట్టేంత కాయ. వదిన వంటింట్లో నా వంక చూడకుండా, తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది. నేను దగ్గరికెళ్లి చూద్దును కదా, కాయ తొడిమని దారంతో తీగకి కట్టి, కట్టు కనబడకుండా ఆకుపచ్చ యూనిఫారం గుడ్డ పీలిక చుట్టి, సన్నగా కుట్టేసింది. కుట్టుకి వంక పెట్టలేం. వంకంతా కాయదే. మా తీగ పిందెలు ఆకుపచ్చ చారలవి, ఇదేమో నున్నటి నారింజ రంగుది.

వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అడిగాను. "వదినా, నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"అది అంత పరీక్షగా ఏం చూడదులే."

పొద్దస్తమానం చూడ్డానికి ఆ తీగ తప్ప మరో దిక్కు లేని పిల్ల, పరీక్షగా చూడదట!

అంతలో గదిలోంచి "అమ్మా!" అని కేక. ఇద్దరం ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తాం. పిల్ల దిండుకి ఆనుకుని, రెండు చేతులా పొట్ట పట్టుకుని, పగలబడి నవ్వుతోంది.

"నిన్న సాయంత్రం దాకా లేని కాయ, పొద్దున్నకల్లా పండి కూర్చుందే! పైగా చొక్కా కూడా తొడుక్కుందమ్మా అది!"

"అలా నవ్వకే. వద్దు, నవ్వకు" అని వదిన చేతులు అడ్డం పెట్టింది, నవ్వుని చేత్తో ఆపగలిగినట్టు. నేనూ నవ్వేశాను. పిల్ల నవ్వు ఎప్పుడు ఏడుపైందో నేను కనిపెట్టలేదు.

"కూర్చో అమ్మా."

"పొయ్యి మీద పాలు..."

"అత్త చూసుకుంటుంది. నువ్వు కూర్చో."

నేను వెళ్లి చూసి వచ్చాను. పొయ్యి మీద పాలూ లేవు, ఏమీ లేవు. వదిన మంచం అంచున కూర్చుని ఉంది. మోకాళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

"నువ్వు కోసేవి మగపూలమ్మా" అంది పిల్ల. "తేనెటీగ వాటి మీద వాలి, మళ్లీ పిందె ఉన్న పువ్వు మీద వాలితేనే కాయ నిలుస్తుంది. ముందు ఎన్ని తేనెటీగలు వచ్చేవో. నువ్వు కొయ్యడం మొదలెట్టాక రావడమే మానేశాయి. ఇక్కణ్ణించి రోజూ చూస్తున్నాగా."

"మరి చెప్పవేమే?"

"ఎప్పుడు చెప్పను? నువ్వు ఈ గదిలో నిలబడితే కదా! నీ చేత్తోనే రాలుతున్నాయని తెలిస్తే తట్టుకోలేవని కూడా ఊరుకున్నా. జేబులో దాచుకుని వీధిలోకి వెళ్తావు చూడూ, అదీ రోజూ చూస్తున్నా."

వదిన తన చేతుల వంక చూసుకుంది. "అయితే అన్నీ నేనే పోగొట్టానా?"

"నువ్వు తెలియక చేశావు. నేనైతే తెలిసి గానీ తెలియక గానీ ఏమీ చెయ్యలేదమ్మా." పిల్ల కళ్లు తుడుచుకుంది. "రెండోసారి ఆసుపత్రిలో ఏమన్నావో గుర్తుందా?"

నాకు గుర్తుంది. ఎందుకంటే వదిన అన్నది నాతోనే. "కాలు ఒకచోట నిలవదు దీనికి, ఎన్ని మెట్లెక్కి దిగిందో ఏమో" అంది, వరండాలో నిలబడి. గది తలుపు తీసే ఉంది.

"నీకు వినబడిందా?" వదిన గొంతు నాకే సరిగా వినబడలేదు.

"నేను మెట్లెక్కలేదమ్మా. బరువులెత్తలేదు. నా వల్ల కాదని డాక్టరమ్మ కూడా చెప్పింది. ఆ మాట నీకు చెబుదామని వస్తే, ఈ ఇంట్లో ఎవరూ పోయిన ఆ ఇద్దరి ఊసే ఎత్తరు. వాళ్లసలు లేనట్టే. ఇప్పుడే మొదటిసారి కడుపొచ్చినట్టు, నన్ను ఏమీ జరగనిదాన్ని చేసి ఇక్కడ పడుకోబెట్టారు. నాకు వాళ్లున్నారమ్మా."

వదిన లేచింది. గుమ్మం దాకా వెళ్లింది. పెరట్లోకి పారిపోతుందనే అనుకున్నాను, నాకు కోపం కూడా వచ్చింది. ఆమె తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది.

"మొదటిదాని సంగతి చెప్పు" అంది. "అప్పుడు నిన్ను నేనేమీ అడగలేదు."

ఒకళ్ల మాటల్లో నాకు చోటు లేదని ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే గ్రహించి బయటికి రావడం నా జీవితంలో అదే మొదటిసారి. తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

బజారు కాయని ఆ పూటే కోసుకుని తిన్నాం. చప్పగా ఉంది. ఆ తర్వాత మగపూల జోలికి ఎవరూ పోలేదు, తేనెటీగలు మళ్లీ వచ్చాయి, తీగకి రెండు కాయలు నిలిచాయి. ఒకదాన్ని ఎలుక కొరికేసింది. చిక్కుడుకి పేనుబంక పట్టింది, పాదుల్లో కలుపు మోకాలెత్తు పెరిగింది. చూసే నాథుడు లేడు. వదిన ఇప్పుడు పిల్ల గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ మాట్లాడేది. బుద్ధి మారింది గానీ కాళ్లు మారలేదు.

నెలలు నిండకముందే ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి వరండాలో వదిన ఆ కొసనుంచి ఈ కొసకి నడుస్తూనే ఉంది. అన్నయ్య డ్యూటీ మధ్యలో ఖాకీ చొక్కాతోనే వచ్చి గోడకి జారగిలబడ్డాడు. అల్లుడు ఫోనుని చేతులు మార్చుకుంటున్నాడు. లోపలినుంచి నర్సు వచ్చినప్పుడల్లా అందరం లేచేవాళ్లం, ఆమె మా పక్కనుంచి వేరే గదిలోకి పోయేది. నాకు భయం వేసింది. అంతకన్నా అందంగా చెప్పడం నాకు చేతకాదు.

సాయంత్రానికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. బరువు తక్కువని గాజుపెట్టెలో పెట్టారు. గట్టిగా ఏడుస్తోంది, ఊపిరి బాగుంది, భయం లేదన్నారు. మూడు రోజులయ్యాక మమ్మల్నందరినీ మేనకోడలి గదిలోకి రానిచ్చి, నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చింది. వదిన చేతుల్లో పెడుతూ, అందరినీ అడిగే మాటే అడిగింది.

"మొదటి మనవరాలా అమ్మా?"

అన్నయ్య అవునన్నట్టు తలూపబోయాడు.

"కాదమ్మా" అంది వదిన. "మూడో బిడ్డ. ముందు ఇద్దరూ మాకు దక్కలేదు."

గొంతు తగ్గించకుండా, మంచం మీద ఉన్న కూతురికి వినబడేలా అంది.