టాకెట్ గారి అభ్యంతరం

సెనేటర్ ఆర్విల్ టాకెట్‌కి ఒకటే జబ్బు: దేనికైనా సరే, అభ్యంతరం చెప్పాలి. కెంటకీ జనం ఎన్నిసార్లు గెలిపించి పంపినా ఆ జబ్బు కుదరలేదు. పెళ్ళిలో పాస్టర్ "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగితే, పెళ్ళికొడుకై ఉండి తనే చెయ్యెత్తాడని వాషింగ్టన్‌లో చెప్పుకునేవారు. సెనేట్ భోజనశాలలో బీన్సు సూపు వస్తే, "ఇందులో ఉప్పుకి నా అభ్యంతరం."

"ఇంకా వెయ్యలేదండీ."

"వెయ్యకపోవడానికి కూడా."

జబ్బు ఆయనది, మందు మింగేది మాత్రం డెల్ఫీన్ రోచ్. సభలో బిల్లులు చదివే ఉద్యోగం ఆమెది. లోకంలో సభలన్నీ చదవనిది చదివినట్టు నటించడం మీదే నడుస్తాయి, అక్కడా అంతే. "చదివినట్టే అనుకుందాం" అంటారు, అందరూ తలూపుతారు. ఒక్కడు కాదంటే చాలు, మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాల్సిందే. ఆ ఒక్కడూ ఎప్పుడూ టాకెటే.

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం వదలని ముసురు. నార్త్ డకోటా సెనేటర్ బ్రుడ్విక్ తెచ్చిన మంచినీళ్ళ గొట్టాల బిల్లు ఓటుకొచ్చింది. ఉప్పునీళ్ళు తాగే తన ఊళ్ళ కోసం ఆయన ఏళ్ళ తరబడి పోరాడాడు. టాకెట్ ఏళ్ళ తరబడి అడ్డుపడ్డాడు. ఇవాళ ఒక్క ఓటుతో తేలిపోతుంది. ఆ ఓటు బ్రుడ్విక్‌దే; ఆయనేమో ఆస్పత్రిలో, ఇంగా అనే తన భార్య ప్రాణం పోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

టాకెట్ పక్షం నాయకుడు వార్నక్ హుషారుగా లేచాడు. "చదివినట్టే అనుకుని ఓటేసేద్దాం."

"అభ్యంతరం," అన్నాడు టాకెట్.

వార్నక్ ఆయన చెవి దగ్గర బుసకొట్టాడు. "మతి పోయిందా పెద్దాయనా? గెలిచేది మనమే!"

"చదవని బిల్లుని ఓడిస్తే నాకు తిండి సయించదు. కూర్చో నాయనా."

డెల్ఫీన్ మనసులో తిట్టుకుంటూ గబగబా చదివింది.

"అమ్మాయ్, ఆ కామా వినపడలేదు."

మళ్ళీ చదివింది.

"గొట్టం ఇనుపదా, ఉక్కుదా? ఇంకోసారి."

ఒళ్ళు మండి తలెత్తింది. టాకెట్ ఆమెను చూడటం లేదు. తలుపు వంక చూస్తున్నాడు. ఆమె గొంతు దానంతటదే నెమ్మదించింది. ప్రతి వాక్యానికీ ఆగి గుక్కెడు నీళ్ళు తాగింది.

చివరి పేజీలో ఉండగా బ్రుడ్విక్ తడిసిన కోటుతో వచ్చాడు. ఇంగా పోయిందని ఆ మొహమే చెప్పింది. టాకెట్ గట్టిగా "వద్దు" అని ఓటేశాడు. బ్రుడ్విక్ అన్న "అవును" పక్కవాళ్ళకే సరిగా వినపడలేదు. బిల్లు గట్టెక్కింది.

వెళ్తూ వెళ్తూ బ్రుడ్విక్ ఆగాడు. "చివరిదాకా ఇంగా దగ్గరే ఉన్నానయ్యా, ఆర్విల్. నీ పుణ్యం."

"నాకేం సంబంధం? ఈ అమ్మాయికి దగ్గు. అందుకే చదవడం ఆలస్యమైంది."

పుట్టి బుద్ధెరిగి దగ్గెరగని డెల్ఫీన్, ఖంగుఖంగున దగ్గింది.