రంగుల తొట్టిలో వేపనీళ్లు

2004లో నేను గద్వాలలో ఏఎన్‌ఎంని. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులనూ బాలింతలనూ చూసుకునే నర్సునన్నమాట. నేతగాళ్ల వీధుల్లో మగ్గాల మోతకు అరిచి అరిచి నా గొంతు పెద్దదైంది. కోపం మాత్రం పుట్టుకతోనే ఉంది.

ఆ వీధుల్లోనే ఓ నేతింటి పిల్ల లక్ష్మికి తొలికాన్పు, పుట్టింట్లోనే ఉంది. పన్నెండో రోజున చూడబోతే, పాపకు పాలివ్వడానికి కూర్చోలేక పక్కకు ఒరిగి ఏడుస్తోంది. కాన్పప్పుడు వేసిన కుట్ల దగ్గర ఒకటే మంట.

"దవాఖానకు రాను సిస్టరమ్మా. మల్ల కుట్లేస్తరు" అంది.

అంతకుముందు వచ్చినప్పుడు సిట్జ్ బాత్ చేయమన్నది నేనే. శుభ్రమైన బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, కుట్లు మునిగేలా పది నిమిషాలు కూర్చోవడం, అంతే. వాళ్ల అమ్మమ్మ నర్సమ్మ అందులో వేపాకు రసం కలిపిందట. నేను వెంటనే ఆమె మీద విరుచుకుపడ్డాను.

"ఏం పోసినవ్ అవ్వా? మసిలే నీళ్లా?"

"నా మనుమరాలికి గట్ల పోస్తనా? వడగట్టి, చల్లార్చి, మోచెయ్యి ముంచి చూసినంకనే పోసిన. నీకంటే ఎక్కువ కాన్పులు చూసిన!"

చూస్తే కుట్లు విడలేదు, చీము లేదు, జ్వరం లేదు. చర్మం మాత్రం ఎర్రగా పొక్కింది. తుడుచుకున్న గుడ్డ మీద గులాబీ మరక. ముందు రక్తమనుకున్నాను. కానీ రక్తం ఎండితే నల్లబడుతుంది, ఇది ఎండినా గులాబీగానే ఉంది.

"అవ్వా, దేంట్ల కూసోబెడుతున్నవ్?"

పెరట్లోకి తీసుకెళ్లి గర్వంగా చూపించింది. నూలుకు రంగులేసే తొట్టి! "ఇంట్ల గింత వెడల్పుది ఇంకోటి లేదు. మూడుసార్లు తోమిన" అంది.

తిట్టబోయి ఆగి, తొట్టికి పట్టిన రంగు ఎంత తోమినా పోదని, అదే నీళ్లలో కరిగి పిల్ల చర్మాన్ని పొక్కించిందని మెల్లగా చెప్పాను. "నా పిల్లను నేనే గోస పెట్టిన్నా?" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ముసలి చేతులు పట్టుకున్నాను.

"వేపాకూ వద్దు, ఉత్త గోరువెచ్చని నీళ్లు చాలు. తర్వాత మెత్తని గుడ్డతో అద్దాలి, రుద్దొద్దు" అని చెప్పి, లక్ష్మిని డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మళ్లీ కుట్లు వేయలేదు. వారం తిరిగేసరికి నిటారుగా కూర్చుని పాలిస్తోంది.

రెండేళ్లకు రెండో మనుమరాలి కాన్పుకు నర్సమ్మ కొత్త బేసిన్ చంకనెత్తుకుని దవాఖానకు వచ్చింది. "ముందు దీన్ని చూడు సిస్టరమ్మా, పిల్లను తర్వాత చూద్దువు!"

వార్డంతా నవ్వింది. నాకు కళ్లు చెమర్చాయి. తప్పు ఆమెది కాదు. శుభ్రమైన బేసిన్ అని చెప్పి వచ్చేశానే గానీ, ఆ ఇంట్లో బేసిన్ ఉందా అని నేను అడగలేదు.